ముట్టడిలో ఉన్న ఊరిలో పొలం కొన్న ప్రవక్త: యిర్మీయా 32 మీద ఒక సందేహం

ఆదివారపు_తరగతి

అందరికీ వందనాలు. మా సంఘంలో ఆరాధన ముగిశాక పెద్దవాళ్లకు ఒక గంట బైబిలు తరగతి నడుపుతున్నాను. ఈ ఏడాది యిర్మీయా గ్రంథం పట్టుకున్నాం. మొన్న 32వ అధ్యాయం దగ్గర ఒక పెద్దావిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. వారం రోజులుగా అదే మనసులో తిరుగుతోంది.

గ్రంథం చదవనివారి కోసం సందర్భం చెబుతాను. యూదా రాజు సిద్కియా ఏలుబడిలో పదో సంవత్సరం, క్రీ.పూ. 588–587 ప్రాంతం. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి గోడల పక్కన మట్టి దిబ్బలు పోస్తోంది. లోపల రొట్టె కరువైంది. ఈ పట్టణం పడిపోతుంది, రాజు పట్టుబడతాడు అని చెప్పినందుకు యిర్మీయాను రాజగృహపు కావలి ప్రాంగణంలో బంధించి ఉంచారు. ఆ చెరలోకి ఆయన తండ్రి తోబుట్టువు కొడుకు హనమేలు వచ్చి, "అనాతోతులో నా పొలం ఉంది, కొనుక్కో, విడిపించే హక్కు నీదే" అంటాడు. భూమి కుటుంబం చేయి దాటిపోకుండా దగ్గరి బంధువు కొనే హక్కు అది. అనాతోతు యెరూషలేముకు ఈశాన్యంగా నాలుగైదు కిలోమీటర్ల దూరం. అంటే ఆ రోజు అది శత్రువు కాలికింద ఉన్న నేల. అయినా యిర్మీయా కొన్నాడు.

ఆవిడ అడిగింది ఇది: "ఇన్ని అధ్యాయాలు ఊరు కాలుతుందని చెప్పిన దేవుడే ఇప్పుడు పొలం కొనమంటున్నాడు. అంటే ఆయన మనసు మార్చుకున్నాడా? తీర్పు రద్దయిందా?"

తీర్పు రద్దు కాలేదు. కొన్ని నెలలకే పట్టణమూ ఆలయమూ కాలిపోయాయి. మరి ఈ పొలం ఎందుకు? దయచేసి తెలిసినవారు చెప్పండి.

బాదం_చువ్వ

మంచి ప్రశ్న అండీ. నేను హీబ్రూ నేర్చుకుంటున్న విద్యార్థినిని, తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి.

జవాబు 32లో కాక 1వ అధ్యాయంలోనే ఉందని నాకు అనిపిస్తుంది. యిర్మీయాను పిలిచిన రోజునే దేవుడు ఆయనకు ఆరు పనులు అప్పగించాడు: పెల్లగించడం, విరగగొట్టడం, నశింపజేయడం, పడద్రోయడం, కట్టడం, నాటడం. నాలుగు కూల్చే పనులు, రెండు నిలబెట్టే పనులు. ఒకే నోట, ఒకే వాక్యంలో వచ్చాయి. అంటే కట్టడం అనేది తర్వాత తట్టిన ఆలోచన కాదు.

వెంటనే ఒక దర్శనం ఉంది. "నీకు ఏమి కనబడుతోంది?" అంటే "బాదం చెట్టు చువ్వ" అంటాడు యిర్మీయా. హీబ్రూలో బాదం 'షాకేద్'. దేవుడి జవాబు: నా మాట నెరవేరేవరకు నేను 'షోకేద్', అంటే మెలకువగా కాచుకొని ఉన్నాను. తెలుగులో ఈ మాటల ఆట పోతుంది, అందుకే చాలామంది అక్కడ ఆగకుండా దాటిపోతారు. ముప్పై అధ్యాయాల తర్వాత, 31:28లో, అదే క్రియ మళ్లీ వస్తుంది: పెల్లగించడానికి, విరగగొట్టడానికి ఎలా మెలకువగా ఉన్నానో, కట్టడానికి, నాటడానికి అలాగే మెలకువగా ఉంటాను. కూల్చేటప్పుడు తెరిచి ఉన్న కళ్లే కట్టేటప్పుడూ తెరిచి ఉంటాయి. పెద్దావిడకు ఈ రెండు వచనాలు పక్కపక్కన చదివి వినిపించండి.

ఇంకొక మాట. హీబ్రూలో 'షూబ్' అంటే తిరగడం. దేవుడికి వీపు చూపడానికీ ఆ ధాతువే, ఆయన దగ్గరకు తిరిగి రావడానికీ ఆ ధాతువే. 3:22 మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. మన భాషలో ఈ ఇబ్బంది లేదు చూడండి: తిరుగుబాటు చేసిన పిల్లలారా, తిరిగి రండి. అనువాదంలో పోయే అందం ఇక్కడ మాత్రం మన చేతికే దొరికింది.

దస్తావేజు_లేఖరి

నమస్కారం. నేను ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. వేదాంతం నాకు తెలియదు. కానీ 32వ అధ్యాయంలో 9 నుంచి 14 వరకు చదివినప్పుడల్లా నా బల్ల ముందు ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. పాత నిబంధనలో భూమి కొనుగోలు ఇంత వివరంగా రాసిన చోటు నాకు ఇంకొకటి కనబడలేదు.

చూడండి. ప్రతిఫలం ఎంతో చెప్పాడు: పదిహేడు తులాల వెండి. తూచి ఇచ్చాడు. పత్రం రాశాడు. ముద్ర వేశాడు. సాక్షులను పిలిచాడు, సాక్షులు సంతకాలు చేశారు. కావలి ప్రాంగణంలో కూర్చున్న యూదులందరి ఎదుట చేశాడు. ప్రతులు రెండు: ఒకటి ముద్ర వేసి మూసినది, ఒకటి తెరిచి ఉన్నది. రెంటినీ తన లేఖకుడు, నేరీయా కొడుకు బారూకు చేతికిచ్చి, చాలా దినాలు నిలిచేలా మట్టి కుండలో పెట్టమన్నాడు.

ఈ రెండు ప్రతుల పద్ధతి గురించి తర్వాత ఒక చోట చదివి ఎంతో సంతోషించాను. మృత సముద్రం పక్కన నహల్ హెవెర్ గుహలో 1961లో యిగాయెల్ యాదిన్ బృందానికి బబాతా అనే యూదు స్త్రీ దాచుకున్న పత్రాల మూట దొరికింది. క్రీ.శ. రెండో శతాబ్దం నాటివి. వాటిలో ఒకే పత్రం మీద ఒకే ఒప్పందాన్ని రెండుసార్లు రాసినవి ఉన్నాయి. పై భాగం చుట్టి, దారంతో కట్టి, మూసేస్తారు. కింది భాగం చదువుకోవడానికి తెరిచి ఉంటుంది. ఎవరైనా కింది రాతను దిద్దారని అనుమానం వస్తే, న్యాయాధిపతి ఎదుట పై కట్టు విప్పి పోల్చి చూస్తారు. మూసినది అసలు, తెరిచినది నకలు అనుకోవచ్చు. యిర్మీయాకు ఏడు వందల ఏళ్ల తర్వాతి పత్రాలైనా, ఆ అవసరం ఒకటే.

ఇప్పుడు అసలు విషయం. నేను రాసిన ప్రతి క్రయ దస్తావేజులోనూ ఒక వాక్యం తప్పకుండా ఉండేది: సదరు భూమిని ఈ రోజే మీకు స్వాధీనపరచినాను. యిర్మీయా చెప్పిన వివరాల్లో అన్నీ ఉన్నాయి, అది ఒక్కటి లేదు. ఉండే వీలు లేదు. ఆ పొలంలో అప్పుడు కల్దీయుల, అంటే బబులోనువాళ్ల, గుడారాలు ఉండి ఉంటాయి. కొన్నవాడు చెరలో ఉన్నాడు, అమ్మినవాడు ముట్టడిలో ఉన్నాడు. స్వాధీనం ఇచ్చే నాథుడే లేడు. స్వాధీనం లేని పత్రానికి ఎవరూ వెండి తూచరు, ఇచ్చేవాడు ఎవరో తెలిస్తే తప్ప.

ఆదివారపు_తరగతి

లేఖరి గారూ, స్వాధీనం సంగతి చదివి కాసేపు కదలలేకపోయాను. ఇన్నేళ్లుగా ఈ అధ్యాయం చెబుతున్నాను, ఒక్కసారి కూడా అది నా కంట పడలేదు.

ఒక చిన్న సందేహం. పదిహేడు తులాల వెండి అంటే ఎక్కువా, తక్కువా?

మట్టిపలక

హీబ్రూలో ఉన్నది షెకెలు. యూదాలో తవ్వకాల్లో దొరికిన సున్నపురాతి తూనికరాళ్లను బట్టి ఒక షెకెలు సుమారు 11.3 గ్రాములు. మన తులం 11.66 గ్రాములు. అంటే తెలుగు అనువాదకులు 'తులం' అని వేయడం చక్కగా సరిపోయింది. మొత్తం 190 గ్రాముల పైచిలుకు వెండి. ఆ రోజుల్లో యూదాలో నాణేలు లేవు, ముక్కలుగా ఉన్న వెండిని తక్కెడలో తూచేవారు. పొలం ఎంత ఉందో గ్రంథం చెప్పదు కాబట్టి ధర ఎక్కువో తక్కువో తేల్చలేం.

కుండ, ముద్ర అన్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. 1982లో యెరూషలేములో దావీదు పురం అనే చోట యిగాల్ షిలో తవ్వకాల్లో ఒక ఇంటి మూలన 51 మట్టి ముద్రలు దొరికాయి. పత్రాన్ని చుట్టి దారం కట్టి, ముడి మీద తడి మట్టి ముద్ద పెట్టి, ఉంగరంతో ఒత్తేవారు. ఒక్కొక్కటి వేలి గోరంత. బబులోనువాళ్లు పెట్టిన మంటలో పత్రాలన్నీ బూడిదయ్యాయి. పచ్చి మట్టి ముద్రలు మాత్రం అదే మంటలో ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి. మంట లేకపోతే అవి ఆ తడి నేలలో ఎప్పుడో కరిగిపోయేవి.

వాటిలో ఒకదాని మీద ఉన్న పేరు 'షాఫాను కొడుకు గెమర్యాహు'. యిర్మీయా 36 తీయండి. బారూకు గ్రంథపు చుట్టను ప్రజలకు చదివి వినిపించింది షాఫాను కొడుకు గెమర్యా గదిలోనే. యెహోయాకీము రాజు ఆ చుట్టను కోసి కుంపటిలో వేస్తుంటే, వద్దని బతిమాలిన ముగ్గురిలో గెమర్యా ఒకడు. ఆ గెమర్యా ఇతడే అని చాలామంది పండితులు భావిస్తారు. బారూకు పేరుతో కూడా ముద్రలు ప్రచారంలో ఉన్నాయి కానీ, అవి తవ్వకాల్లో దొరికినవి కావు, పురావస్తువుల అంగడిలో బయటపడినవి. వాటి మీద గట్టి అనుమానాలు ఉన్నాయి. తరగతిలో చూపేటప్పుడు ఆ తేడా చెప్పండి.

ఎందుకని

నేను చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. మీ అందరి విశ్వాసం మీద గౌరవంతోనే రెండు అభ్యంతరాలు పెడుతున్నాను.

మొదటిది. ప్రవక్తల గ్రంథాల్లో ఉన్న ఆశ వాక్యాల్లో కొన్నయినా తర్వాతి చేతులు చేర్చినవని పండితులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆమోసు గ్రంథం దాదాపు అంతా ఉరుము. చివర 9:11 నుంచి ఒక్కసారిగా పడిపోయిన దావీదు గుడారాన్ని లేపుతాను, కొండలు ద్రాక్షారసం కార్చుతాయి అంటుంది. యిర్మీయా గ్రంథం గ్రీకు అనువాదంలో సుమారు ఎనిమిదో వంతు చిన్నది, అధ్యాయాల వరుస కూడా వేరు. 33:14–26 అందులో లేనే లేదు. మృత సముద్రం పక్కన కుమ్రాను గుహల్లో దొరికిన ఒక హీబ్రూ ప్రతి తునక ఆ చిన్న పాఠానికే దగ్గరగా ఉంది. కాబట్టి ఒక ప్రవక్త ఒకే నోట తీర్పునూ ఆశనూ పలికాడని అంత తేలికగా అనలేం.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. యెరూషలేము పతనం మీద ఏడ్చిన పాటల గ్రంథం విలాపవాక్యములు, అందులో 4:10 చదవండి. ఆ ముట్టడిలో తల్లులు ఏం చేయాల్సి వచ్చిందో అక్కడ ఉంది, ఇక్కడ రాయను. తీర్పుకు కారణం విగ్రహపూజ అంటారు కదా, ఆ పిల్లలు ఏ విగ్రహానికి మొక్కారు? తర్వాత తోటలు నాటుతాను అంటే ఆ లెక్క సరిపోతుందా?

బాదం_చువ్వ

మొదటి దానికి నా వంతు మాట. చేర్పులు ఉన్నాయని నేనూ ఒప్పుకుంటాను. కానీ చేర్చినవారు ఎవరు? కాలిపోయిన ఊరి పిల్లలు, మనవలు. వాళ్ల చేతిలో కలం ఉంది. ఆశ కావాలనుకుంటే తీర్పు వాక్యాలు తీసేసి ఆశ ఒక్కటే రాసుకోవచ్చు. ఓడిన ఏ జాతికైనా ఆ కోరిక సహజం. వీళ్లు ఆ పని చేయలేదు. తమ మీద మోపిన నేరపత్రాన్ని అక్షరం తీయకుండా నకలు రాసి, దాని పక్కన ఆశను పెట్టారు. అందులో నాకు కనబడే నిజాయితీ చాలా పెద్దది.

రెండోదానికి నా దగ్గర జవాబు లేదు.

విలాపం_మూడు

మొదటిసారి రాస్తున్నాను. ఇంతకాలం చదవడమే తప్ప రాసే ధైర్యం చేయలేదు.

రెండేళ్ల కిందట మా అబ్బాయి పోయాడు. ఇరవై రెండేళ్లవాడు. పోయిన నాలుగో రోజు ఇంటికి వచ్చిన ఒకరు యిర్మీయా 29:11 చదివారు. మీ గురించి నా ఆలోచనలు సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అనే వచనం. అదే వచనం మా వంటగదిలో క్యాలెండరు మీద కూడా ఉంది. ఆ రోజు దాన్ని దించి గోడ వైపుకు తిప్పి పెట్టాను.

తర్వాత చాలా నెలలకు ఆ అధ్యాయం మొదటినుంచి చదివాను. అది ఈ ముట్టడికి ముందే బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం. దానికి ముందు వచనంలో డెబ్బై ఏళ్లు అని ఉంది. డెబ్బై ఏళ్లు! అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దల్లో ఎవరూ తిరిగి వెళ్లరు. వాళ్లకు చెప్పింది ఏమిటంటే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. నాకు అప్పుడు మొదటిసారి ఆ వచనం మీద కోపం పోయింది. అది దుఃఖం త్వరగా ముగుస్తుందని చెప్పిన మాట కాదు. దుఃఖంలో ఎలా బతకాలో చెప్పి, ఆ తర్వాత చెప్పిన మాట.

విలాపవాక్యములు నాకు అంతకంటే తోడు. ఐదు అధ్యాయాల్లో నాలుగు హీబ్రూ అక్షరమాల వరుసలో రాశారట, 22 అక్షరాలు. ఏడుపుకు కూడా ఒక గట్టు కట్టారు. ఆశ ఉన్నది మూడో అధ్యాయం మధ్యలో. చివర్లో కాదు. చివరి మాట 5:22, మమ్మల్ని పూర్తిగా విసర్జించావా అన్నట్టు ఆగిపోతుంది. యూదులు ఆలయం కాలిన రోజును తలుచుకుంటూ ఆబ్ నెల తొమ్మిదో తేదీ రాత్రి నేల మీద కూర్చుని ఇది చదువుతారు. 5:22 అయ్యాక వెనక్కి వెళ్లి 5:21ని మళ్లీ చదువుతారు: మమ్మల్ని నీ వైపు తిప్పు, మేం తిరుగుతాం. చివరి వచనాన్ని కొట్టివేయరు. దాని తర్వాత ఇంకొక్కసారి అడుగుతారు, అంతే.

"ఎందుకని" గారూ, ఆ పిల్లల లెక్క సరిపోదు. సరిపోయిందని ఎవరు చెప్పినా నేను నమ్మను. ఆ గ్రంథం కూడా సరిపోయిందని చెప్పలేదు.

ఎందుకని

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అబ్బాయి గురించి తెలిసి మనసు బరువెక్కింది. నా ప్రశ్నను మీరు తోసేయలేదు, అందుకు కృతజ్ఞుణ్ణి.

ఒకటి చేర్చాలి. "తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయి" అని ఆ కాలంలో జనం అనుకునేవారు. యెహెజ్కేలు 18లో ఇక ఆ సామెత పలకవద్దు అని కోపంగా ఖండిస్తాడు. యిర్మీయా 31:29 మాత్రం "రాబోయే ఆ దినాల్లో" ఇక అలా అనరు అంటుంది. అంటే ఇప్పుడు పిల్లల పళ్లు పులుస్తూనే ఉన్నాయని అది ఒప్పుకుంటోంది. నేను ఆక్షేపించిందే ఆ గ్రంథమూ ఆక్షేపిస్తోంది. ఇది నేను ఇన్నాళ్లూ సరిగ్గా చదవలేదు.

మట్టిపలక

ఆ ఉత్తరంలోని ఇళ్లు, తోటల గురించి. 2014లో లారీ పియర్స్, కార్నీలియా వున్ష్ కలిసి బబులోను మట్టి పలకలు కొన్ని ప్రచురించారు. చాలావాటిలో 'ఆల్ యాహూదు', అంటే యూదా పట్టణం, అనే ఊరి పేరు వస్తుంది. అన్నిటికంటే పాతది క్రీ.పూ. 572 నాటిది. వాటిలో యూదు పేర్లవాళ్లు పొలాలు కౌలుకు తీసుకుంటున్నారు, ఖర్జూరాలు, బార్లీ లెక్క కడుతున్నారు, అప్పులు రాసుకుంటున్నారు. పేర్లలో 'యాహు' అని తమ దేవుడి పేరు నిలుపుకున్నారు. ఈ పలకలు కూడా తవ్వకాల్లో కాక సేకరణల ద్వారానే వెలుగులోకి వచ్చాయని చెప్పాలి, అయితే నిజమైనవే అన్న విషయంలో పండితుల మధ్య వివాదం లేదు.

లేఖరి గారికి నచ్చుతుంది: అవన్నీ దస్తావేజులే.

బాదం_చువ్వ

ఆదివారపు తరగతి గారూ, హనన్యాను మరిచిపోకండి. 28వ అధ్యాయం. గిబియోను ఊరి ప్రవక్త, ఆయన కూడా యెహోవా పేరిటే మాట్లాడాడు. బబులోనుకు లొంగాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని విరగగొట్టి, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారు, ఆలయ పాత్రలు కూడా వచ్చేస్తాయి అన్నాడు. ఆలయంలో నిలబడినవాళ్లకు ఆ రోజు ఎవరి మాట తీయగా వినబడి ఉంటుంది? యిర్మీయా కూడా మొదట "ఆమెన్, అలాగే జరగనీ" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడని నా నమ్మకం, ఆయనకు తన ప్రజలంటే ప్రాణం.

హనన్యా చెప్పిందీ ఆశే. తీర్పును కాళ్లకింద నుంచి తీసేసిన ఆశ. రెండు నెలలకు హనన్యా చనిపోయాడు. కొన్నేళ్లకు, హనన్యా మాట నమ్మినవాళ్లు గోడల లోపల ఆకలితో ఉన్నప్పుడు, యిర్మీయా వెండి తూచాడు. మీ పెద్దావిడ అడిగిన "తీర్పు రద్దయిందా" అన్నదానికి హనన్యా జవాబు "అవును". యిర్మీయా జవాబు "కాలేదు, అయినా పత్రం కుండలో పెట్టు".

దస్తావేజు_లేఖరి

నాకు ఇంకొక సంగతి మిగిలింది, చెప్పి ముగిస్తాను.

యిర్మీయా కొన్న తర్వాతే ప్రార్థన చేశాడని గమనించండి. 32:16. పత్రం బారూకుకు ఇచ్చాక అడిగాడు: దిబ్బలు గోడ దాకా వచ్చాయి, నువ్వు చెప్పిందే జరుగుతోంది, నువ్వే చూస్తున్నావు, అయినా నన్ను పొలం కొనమన్నావే అని. అర్థమై కొనలేదు. కొన్నాక కూడా అర్థం కాలేదు.

రెండోది ఆ ఊరి గురించి. అనాతోతు యిర్మీయా పుట్టిన ఊరు. 11వ అధ్యాయంలో ఆ ఊరివాళ్లే, యెహోవా పేరిట మాట్లాడితే మా చేతిలో చస్తావు అని ఆయన్ను బెదిరించారు. 12:6లో సొంత అన్నదమ్ములు కూడా ద్రోహం చేశారని ఉంది. తన ప్రాణం తీయాలని చూసిన ఊరిలో, తనకు పిల్లలు లేరని తెలిసీ ఆయన పొలం కొన్నాడు. పెళ్లి చేసుకోవద్దని 16వ అధ్యాయంలోనే ఆజ్ఞ అయింది కదా. నా అనుభవంలో మనిషి భూమి కొనేది పిల్లల కోసం. ఈయన ఎవరి కోసం కొన్నట్టు?

ఆదివారపు_తరగతి

లేఖరి గారూ, మీ చివరి ప్రశ్న పట్టుకుని రాత్రి చాలాసేపు పేజీలు తిప్పాను. దొరికింది రాస్తున్నాను.

11:23లో అనాతోతువారి గురించి కఠినమైన తీర్పు ఉంది: వారికి శేషం ఉండదు. ఒక్కరూ మిగలరు. తర్వాత పట్టణం పడింది, ఆలయం కాలింది. యిర్మీయాను ఇష్టం లేకుండానే తమవాళ్లు ఐగుప్తుకు (ఈజిప్టు), అక్కడి తహపనేసు పట్టణానికి తీసుకుపోయారు. అక్కడి నుంచి ఆయన తిరిగి వచ్చినట్టు గ్రంథం చెప్పదు. ఆ కుండను ఎవరు తెరిచారో కూడా చెప్పదు.

క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాక యూదులు తిరిగి రావడం మొదలైంది. ఎజ్రా 2వ అధ్యాయం తిరిగి వచ్చినవారి పట్టిక. ఊరి పేరు, ఎదురుగా అంకె. తరగతిలో అందరం విసుగ్గా దాటేసే అధ్యాయం అది, నేను కూడా. 23వ వచనంలో ఉంది: అనాతోతువారు, 128 మంది.

వచ్చే ఆదివారం పెద్దావిడ చేతనే 11:23 చదివిస్తాను, ఆ తర్వాత ఎజ్రా 2:23.